మామూలే అన్నవాళ్ళు

డాక్టర్ జగ్గునాయుడు గారు రోగుల్ని ఎప్పుడూ "ఎలా ఉన్నావు?" అని అడగరు. "నీళ్ళబిందెతో ఇంటికొచ్చేలోగా ఎన్నిచోట్ల దించుతావు?" అని అడుగుతారు. బిందె మొయ్యనివాళ్ళనైతే మెట్ల సంగతి అడుగుతారు. నలభై ఏళ్ళు రక్తపరీక్షల్లో మునిగితేలిన మనిషికి ఈ బిందెల గొడవేమిటని చాటున శిష్యులు నవ్వుకునేవారు. సుకీర్తి కూడా నవ్వింది, ఆ శనివారం దాకా.

ఆ శనివారం ఆమె ఒక కాయితమూ, తను పరీక్షించిన ఆడవాళ్ళ ఫారాల కట్టా పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. కాయితం మీద ఆయన సంతకం పడితే సోమవారం నుంచి వాళ్ళ ఆస్పత్రి రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ కింది హద్దు మారిపోతుంది. అప్పటిదాకా ఆడవాళ్ళకి అది పన్నెండు. అంతకన్నా తగ్గితే అంకె పక్కన చుక్క పడుతుంది. సుకీర్తి లెక్కలో పదికి మించి అక్కర్లేదు.

"చుక్క లేని రిపోర్టే కనబడ్డం లేదు సార్. రెండొందల మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షించాను, అందరూ మన జిల్లా ఆడవాళ్ళే. సగానికి సగం పన్నెండు దాటలేదు. ఎక్కడివాళ్ళనో చూసి గీసిన గీతతో మనవాళ్ళని బెదరగొట్టడం ఏం న్యాయం? మన రక్తానికి మన కొలత ఉండొద్దా?"

మాట సూటిగానే ఉంది. వెనకాల మూడేళ్ళ కష్టమూ ఉంది. జగ్గునాయుడు గారు ఫారాల కట్ట తన ముందుకి లాక్కుని దాలమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

అప్పుడాయనకి ముప్ఫై ఏళ్ళు. జీడిపప్పు ఒలిచే షెడ్లున్న ఒక ఊళ్ళో చిన్న ఆస్పత్రి. అక్కడ ఆయనకీ అచ్చం ఈ ఆలోచనే వచ్చింది. షెడ్లలో ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టి రక్తం తీశారు. జబ్బున్నవాళ్ళని ఏరెయ్యాలి గనక ఫారంలో ప్రశ్నలు రాసుకున్నారు: ఆయాసం వస్తుందా, కళ్ళు తిరుగుతాయా, నెలసరిలో ఎక్కువ పోతుందా. ప్రతిదానికీ రెండే గడులు, 'ఉంది', 'లేదు'. ఏ ప్రశ్న అడిగినా వాళ్ళు చేతిలో పని ఆపకుండా ఒకే మాట అన్నారు: "మామూలే బావూ." ఉందని అనలేదు కదా అని ఆయన 'లేదు' గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయారు. నూటికి తొంభై అయిదుగురు ఏ అంకెల మధ్య ఉంటే అదే నార్మలంటుంది పుస్తకం. కింది హద్దు తొమ్మిదిన్నర తేలింది. ఊళ్ళో చుక్కలు మాయమయ్యాయి. కుర్రడాక్టరు గారికి ఎవరో శాలువా కూడా కప్పారు.

ఆ ఏడే దాలమ్మ నీరసమని వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. తొమ్మిది పాయింటు ఆరు. చుక్క లేదు. ఆ కాయితం చూసి షెడ్డు మేస్త్రీ, "రోగం లేదు, బద్ధకం" అని తేల్చేసి మళ్ళీ పనిలో కూర్చోబెట్టాడు. నెల తిరక్కుండా ఆమె అదే కాయితం మడతలు విప్పుకుంటూ వచ్చింది.

"కాయితం బాగుంది బావూ. నాకే బాగోనేదు."

జగ్గునాయుడు గారికి ఆ మాట తమాషాగా తోచింది. ఆయన నవ్వారు. ముప్ఫై అయిదేళ్ళయినా ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం. అది చెప్పేటప్పుడు సుకీర్తి వైపు చూడలేకపోయారు.

మూడోసారి ఆమెని మంచం మీద మోసుకొచ్చారు. అంకె మూడు. మిషన్ తప్పేమోనని ఇంకోసారి చూస్తే మళ్ళీ మూడే. గర్భసంచిలో గడ్డ, ఏళ్ళ తరబడి నెలనెలా రక్తం పోతూనే ఉంది. మొదటి కాయితం మీద చుక్క పడి ఉంటే ఎందుకు తగ్గిందని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. జిల్లా ఆస్పత్రి నుంచి రక్తం సీసాలు వచ్చేసరికి ఎక్కించడానికి మనిషి మిగల్లేదు.

ఆ సాయంత్రం ఎందుకో ఆయన పాత ఫారాలు తిరగేశారు. నూట పదిహేడోది దాలమ్మది. ఆ హద్దు గీయడానికి తీసిన రక్తాల్లో ఆమెదీ ఉంది. నెలసరిలో ఎక్కువ పోతుందా అన్నచోట 'లేదు' గడిలో టిక్కు ఉంది. పెట్టింది తన చెయ్యే.

చెప్పడం అయిపోయింది. జగ్గునాయుడు గారు సుకీర్తి ఫారాలు ఒక్కొక్కటే తిప్పారు. అన్నింటిలోనూ రెండే గడులు.

"ఇన్ని 'లేదు'లు రాశావు కదమ్మా. వాళ్ళన్న మాట అదేనా?"

సుకీర్తికి ఆ ముఖాలన్నీ గుర్తొచ్చాయి.

"కాదు సార్. మామూలే అన్నారు."

ఆయన సంతకం లేని కాయితాన్ని మెల్లిగా ఆమె వైపు జరిపారు.

"మన కొలత మనకి ఉండాలి తల్లీ, కాదనను. ముందు బాగున్న మనిషిని వెతుకు. కనిపిస్తే నాకూ చూపించు."