ఏడు గడపల ఇంట్లో ఏడుపు

ఎప్పటి మాటో నన్నడక్కండి. చంద్రగుట్ట రాజ్యానికి విక్రమబాహుడని ఒక రాజు ఉండేవాడు. పేరులో విక్రమం ఉంది కదా అని మురిసిపోకండర్రా, మనిషి ఉత్త పిరికివాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతు, నడిపివాడు సోమకేతు, చిన్నవాడు చండకేతు. చిన్నవాడికి ముక్కు మీదే కోపం. తల్లి పురిట్లోనే పోతే, పుల్లమ్మ అనే దాది వాణ్ణి గుండెల మీద పెట్టుకుని పెంచింది.

ఏడు సముద్రాల అవతల దీవి ఉందని చెబుతాననుకున్నారా? అంత దూరం అక్కర్లేదు. రాజవీధి చివరే ఉంది ఏడు గడపల ఇల్లు. మొదటి గదిలోంచి రెండో గదికి, రెండో గదిలోంచి మూడో గదికి, అలా ఏడు గడపలు దాటితేగాని చివరి గది రాదు. రోజూ మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించేది. తొంగి చూస్తే మనిషన్నవాడు కనిపించడు. దెయ్యం, దెయ్యం అంటూ ఊరంతా గుమ్మాలకు వేపమండలు కట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని అన్నాలు తినేవాళ్లు. అన్నం ఎలా దిగిందో వాళ్లకే తెలియాలి!

ఆ ఏడుపు మొదలైన వారానికే ధూమాక్షుడనే మాంత్రికుడు వచ్చి రాజుగారి పక్కన చేరాడు. "ఏడాదికొక మనిషిని ఆ ఇంటికి అప్పగించాలి మహారాజా. లేకపోతే దెయ్యం గడప దాటి మీ మీదికే వస్తుంది" అన్నాడు. రాజు గడగడ వణికి సరేనన్నాడు. ఊళ్లోవాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి, ఒకటి తీసేవాళ్లు. అలా తొమ్మిదేళ్లలో తొమ్మిది మంది ఆ ఇంట్లోకి వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. మొట్టమొదట వెళ్లింది కుమ్మరి కూతురు పేరిందేవి. ఆ కుండ చేసి ఇచ్చింది వాళ్ల నాన్నే.

పదో ఏడు కుండలో చెయ్యి పెడితే పుల్లమ్మ పేరు వచ్చింది. మూడు రోజులు గడువు.

చండకేతు సభలోకి దూసుకొచ్చాడు.

"నాన్నగారూ, ఆ కుండలో మన నలుగురి పేర్లూ ఉన్నాయా?"

రాజు నేలచూపులు చూశాడు.

"ఈ మాంత్రికుడి పేరుందా?"

ధూమాక్షుడు గడ్డం దువ్వుకున్నాడు.

"సరే, ఆ దెయ్యాన్ని కళ్లారా చూసినవాళ్లు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎవరూ చూడనిదానికా తొమ్మిది మందిని అప్పగించారు? సిగ్గు లేదూ?" అని చండకేతు అరిచాడు.

తమ్ముడి అరుపుకు అన్నలకు రోషం వచ్చింది. మొదటి రోజు రత్నకేతు కత్తి దూసి ఆ ఇంట్లోకి వెళ్లాడు. చుట్టూ అందెల చప్పుడు, చూస్తే ఎవరూ లేరు. కత్తి అక్కడే పారేసి పరుగో పరుగు. రెండో రోజు సోమకేతు మోచేతుల దాకా తాయెత్తులు కట్టుకుని వెళ్లాడు. ఎవరో గభాలున చెయ్యి పట్టుకున్నారు, చూస్తే ఎవరూ లేరు. చెప్పులు కూడా వదిలేసి పరుగో పరుగు.

మూడో రోజు చండకేతు లేచాడు. పుల్లమ్మ అడ్డం నిలబడింది.

"వద్దు నాయనా. ముసలిదాన్ని, నేను పోతే ఎవరికేం నష్టం?"

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీతో మాట్లాడను అవ్వా. నువ్వు పోతే నాకు నష్టం!"

పుల్లమ్మ కళ్లొత్తుకుని, తన ముగ్గుబుట్ట తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ఊరంతా రాతిపిండితో తళతళలాడే ముగ్గులు వేస్తుంటే, ఆమె ఒక్కతే పాతకాలం మనిషిలా బియ్యప్పిండితో వేసేది. ఎందుకంటే, చీమలు తింటాయి కదా అనేది.

"కంటికి కనబడనివాళ్లను కత్తితో ఏం చేస్తావు? ఈ పిండి నేల మీద చల్లు. ఎవరు నడిచినా అడుగు పడుతుంది" అంది.

చండకేతు మొదటి గడప దాటి, గది నిండా పిండి చల్లి, మూల కూర్చున్నాడు. అందెలు మోగాయి. పారిపోవాలనిపించినా, కోపం వాణ్ణి కదలనివ్వలేదు. చూస్తుండగానే పిండి మీద ఒక్కొక్క అడుగే పడింది. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా? ఇవి ముందుకే ఉన్నాయి. ఒక పాదానికి పగిలిన మడమ. ఒకటి కుంటుతోంది. ఒకదానికి మట్టెల గుర్తు. లెక్కపెడితే తొమ్మిది జతలు!

"ఎవరు మీరు?" అని అడిగాడు. ఏడుపు తప్ప మాట రాలేదు. అప్పుడు పిండి మీద ఒక వేలు కదిలింది. కుండ బొమ్మ గీసింది. పక్కన ఇంకో వేలు నాగలి గీసింది. ఇంకోటి మగ్గం గీసింది.

చండకేతు ఒళ్లు మండిపోయింది. ఏడుస్తున్నది దెయ్యం కాదు, మన ఊరివాళ్లు! అన్న చెయ్యి పట్టుకున్నది కాపాడమనే! తొమ్మిదేళ్లుగా పొరుగువాళ్లు ఏడుస్తుంటేనా వీళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నది!

ఈలోగా పిండి తినడానికి చీమలు బారులు తీరాయి. ముందున్న రాణీచీమ తలెత్తింది.

"ఏం రాకుమారా, ఇది పుల్లమ్మ చేతి పిండేనా? మా ముత్తాతల నుంచీ ఆమె ముగ్గు తిని బతికాం. వీళ్లను మాయం చేసిన ధూమాక్షుడి వాకిట్లో అంతా రాతిపిండే, నోట పెడితే పళ్లు రాలతాయి. వాడి ప్రాణం ఎక్కడుందో చూపిస్తాం, రా!"

చీమల బారు వెంట చండకేతు రెండో గడప దాటాడు, మూడో గడప దాటాడు, ఏడో గడపా దాటాడు. చీమలు ఒక గోడ పగుల్లో దూరాయి. అక్కడ గోడ తవ్వితే పంజరం, పంజరంలో చిలుక. చండకేతు దాని మెడ పట్టుకున్నాడు.

"ఆగు!" అని చిలుక గట్టిగా అరిచింది. "ఎక్కడ చూసినా ఇంతే! మాంత్రికుడు తప్పు చేస్తే చిలక మెడ నులమడమే! నేనేం చేశాను? మొదట నాచేత ఏడుపు గొంతుతో అరిపించి దెయ్యమన్నాడు. తర్వాత ఆ తొమ్మిది మందిని కనబడకుండా చేసి, నోరు కట్టేసి, కాళ్లు పిసికించుకుంటూ పప్పులు రుబ్బించుకుంటున్నాడు. నేనూ వాళ్లలాగే బందీని కదా!"

చండకేతు సిగ్గుపడి చెయ్యి వదిలేశాడు. ఒకరిని కాపాడటానికి ఇంకొకరిని అప్పగిస్తే తనకూ తండ్రికీ తేడా ఏముంది?

"వాడి ప్రాణం వడ్లగింజంత. నా గొంతులో పెట్టి, నేను ఉమ్మకుండా మెడకు కడియం బిగించాడు" అంది చిలుక.

చండకేతు కడియం విరిచేశాడు. చిలుక ఖంగుమని దగ్గింది. గింజ నేల మీద పడింది. సరిగ్గా అప్పుడే ధూమాక్షుడు రొప్పుకుంటూ వచ్చాడు.

"ముట్టుకోకు! రాజ్యం కావాలా? ఇప్పిస్తాను!"

"నేను ముట్టుకోనులే. వాళ్లకు ఆకలిగా ఉంది" అన్నాడు చండకేతు.

చీమలు గింజను చుట్టుముట్టి క్షణంలో పొడిపొడి చేసేశాయి. మాంత్రికుడు నిలబడ్డ చోట గుప్పెడు బూడిద మిగిలింది.

తొమ్మిది మందీ కంటికి కనబడ్డారు. వాళ్లు గడప దాటి వీధిలోకి వస్తుంటే, ఊరంతా పరుగెత్తుకొచ్చి గొల్లుమంది. కుమ్మరి చేతులు చాచాడు. పేరిందేవి దగ్గరికి వెళ్లలేదు.

"రోజూ పిలిచాను నాన్నా."

"నీ మాట వినబడలేదు తల్లీ. ఏడుపే వినబడింది."

"ఏడుపు వినబడితే రాకూడదా?"

కుమ్మరి చెవుల్లోంచి దూది తీసి నేల మీద పారేశాడు. అక్కడున్నవాళ్లంతా తమ దూదీ తీసి పారేశారు. రాజు తలెత్తలేక కిరీటం తీసి చిన్నకొడుకు చేతిలో పెట్టాడు. చండకేతు ముందు ఆ చీట్ల కుండను నడివీధిలో పగలగొట్టి, తర్వాత కిరీటం పెట్టుకున్నాడు.

పేరిందేవికీ వాడికీ ఏడు గడపల ఇంట్లోనే పెళ్లి జరిగింది. గడప గడపకూ పుల్లమ్మ బియ్యప్పిండితో ముగ్గు వేసింది. చీమలకు విందు, చిలుకకు జామపళ్లు. చండకేతు నలభై ఏళ్లు ఏలాడు. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. ఏ ఇంట్లోంచి ఏడుపు వినబడినా, తింటున్న అన్నం వదిలేసి, ఎంగిలి చేత్తోనే పరుగెత్తి, తలుపు తట్టి, "ఎవరమ్మా లోపల?" అని అడిగేవాడు.