మూడో తలుపుకి గడియ లేదు

ఇంతవరకూ పైకి అనని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. ఈ కథ నాది కాదు, మా పూర్ణక్కది. నాదని చెప్పుకుంటూ ఎంతమంది పిల్లలకి చెప్పానో! పైగా ఆఖర్ని మార్చేసి, రాకుమారుడు కత్తితో తలుపు నరికేశాడని చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇవాళ అక్క చెప్పినట్టే చెప్తాను.

అనగా అనగా మిరియాల దీవికి ఒక రాజుండేవాడు. ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దది మందారవల్లి, చిన్నవాడు కేయూరుడు. ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. గడప దాటేవాళ్ళు "వెళ్ళొస్తా" అని చెప్పాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు "క్షేమంగా రా" అనాలి. రాజైనా అంతే, రజకుడైనా అంతే.

ఒకనాడు అక్కాతమ్ముళ్ళు పడవ దగ్గర పోట్లాడుకున్నారు.

"తెడ్డు తిరగేసి పట్టుకున్నావురా! నువ్వు కాలువ కూడా దాటలేవు" అని నవ్వింది అక్క.

"ఏడు సముద్రాలు దాటి చూపిస్తా" అన్నాడు తమ్ముడు. రోషంతో పడవెక్కేశాడు. వెళ్ళొస్తా అనలేదు. అక్క కూడా బింకంగా నిలబడింది. క్షేమంగా రా అనలేదు.

దాటాడు. ఒకటి కాదు, రెండు కాదు, ఏడు సముద్రాలూ దాటాడు. ఏడో ఒడ్డున ధూమ్రకేశుడనే మాంత్రికుడు కాచుకుని ఉన్నాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళ మీదే వాడి మంత్రం పారుతుంది. కేయూరుణ్ణి పట్టుకుని మూడు తలుపుల చెరలో వేశాడు. మొదటిది ఇనుప తలుపు, రెండోది టేకు తలుపు, మూడోది మంచు తలుపు. ప్రతి పౌర్ణమికీ అక్కడ ఒక ఖైదీ రాతిస్తంభం అయిపోతాడు.

చెరలో కేయూరుడికి తోడు ఎదురు పంజరంలోని ఒక చిలక. రోజూ తన జొన్నరొట్టెని మూడు ముక్కలు చేసేవాడు. ఒకటి తనకి, ఒకటి చిలకకి, ఒకటి గోడవారగా పాకే చెదపురుగులకి. తింటున్నంతసేపూ అక్క ముచ్చట్లే. అక్క పప్పన్నంలో నెయ్యి ఎలా వేస్తుందో, అక్క నవ్వితే బుగ్గ ఎలా సొట్టపడుతుందో.

మూడేళ్ళు గడిచాయి. ఈ పౌర్ణమి కేయూరుడి వంతు. మూడు రోజులే ఉంది. మాంత్రికుడు మూలికల కోసం కొండకి వెళ్ళాడు.

అప్పుడు చిలక అంది, "రాకుమారా, వాడి ప్రాణం నాలోనే ఉంది. నా మెడ నులిమితే వాడు చస్తాడు."

"నువ్వు చస్తే నాకు మాట్లాడే దిక్కెవరు? వేరే దారి చెప్పు."

చిలక కళ్ళు తుడుచుకుని, మాంత్రికుడి గొంతుతో "తెరుచుకో" అని గద్దించింది. ఇనుప తలుపు బెదిరి తెరుచుకుంది. కేయూరుడు పంజరం విప్పి చిలకని భుజాన ఎక్కించుకున్నాడు. రెండో తలుపు దగ్గర చెదపురుగుల్ని బతిమాలాడు. అవి తిన్న రొట్టె మర్చిపోలేదు. పొద్దెక్కేసరికి టేకు తలుపు పొడై రాలింది.

మూడో తలుపుకి తాళం లేదు, గడియ లేదు. తోస్తే చెయ్యి మంచులోకి పోతుంది, మనిషి మాత్రం పోడు.

"చెప్పకుండా వచ్చినవాడివి కదా. ఇంట్లోవాళ్ళు రమ్మంటేనే నీకు దారి" అంది చిలక. "నేను అలా చెప్పకుండా వచ్చినదాన్ని కాదు, నాకిది అడ్డం కాదు. మీ అక్కకి ఏం చెప్పమంటావు?"

కేయూరుడు తలవంచుకుని, ఆనాడు అనని మాట అన్నాడు. "వెళ్ళొస్తానక్కా."

చిలక ఆ మాట ముక్కున పట్టుకుని ఏడు సముద్రాలూ ఎగిరింది. మిరియాల దీవిలో మందారవల్లి రెండు కంచాలు పెట్టుకుని కూర్చుని ఉంది. మూడేళ్ళుగా అంతే. చిలక కిటికీలో వాలి, అచ్చం తమ్ముడి గొంతుతో "వెళ్ళొస్తానక్కా" అంది.

మందారవల్లి చేతిలో ముద్ద జారిపోయింది.

"ఇప్పుడా చెప్పేది, మొద్దు వెధవా! మూడేళ్ళకా!" అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. "రా, అన్నం చల్లారిపోతోంది. క్షేమంగా రా."

చిలక ఆ తిట్టుతో సహా మోసుకొచ్చింది. మూడో రోజు, పొద్దు వాలకముందే, మంచు తలుపు ముందు అక్క గొంతు వినిపించింది. "మొద్దు వెధవా" దగ్గరే మంచు కరగడం మొదలైంది. "క్షేమంగా రా" అనేసరికి దారి పడింది. కేయూరుడు పరుగెత్తాడు. అతని పడవ ఒడ్డున ఇంకా కట్టే ఉంది.

మిగతా ఖైదీల ఇళ్ళకీ చిలక అలాగే వెళ్ళింది. చెర ఖాళీ అయింది. మాంత్రికుడేమో తన ప్రాణాన్ని గద్ద తన్నుకుపోతుందేమోనని, గొడుగు పట్టుకుని చిలక వెనకాలే తిరుగుతున్నాడు, పాపం.

రేవులో మందారవల్లి ఎదురొచ్చింది. "ఇప్పటికీ తెడ్డు తిరగేసే పట్టుకున్నావురా" అంది. తరవాత తనే పిల్లని చూసి తమ్ముడికి పెళ్ళి చేసింది. కేయూరుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఏ పనిమీద వెళ్ళినా గడప మీద ఆగి, అక్కకి చెప్పే వెళ్ళేవాడు.

అక్క చెప్పిన కథ ఇదే. కత్తి ఎక్కడా లేదు. నాలుగేళ్ళ కిందట ఒక మాటకి ఉడుక్కుని, పూర్ణక్క పెరట్లో బట్టలారేస్తుండగా, వీధి గుమ్మంలోంచి వెళ్ళి బస్సెక్కేశాను. అక్క పిలిస్తే వెళ్దామని ఇన్నాళ్ళూ కూర్చున్నాను. కానీ కథలో ముందు మాట పంపింది లోపల ఉన్నవాడే.

పన్నెండున్నరకి అక్క భోజనానికి ఇంటికొస్తుంది. ఇంకో పది నిమిషాలుంది. ఎత్తగానే తిడుతుంది, తిట్టనీ. ఇవాళ ఫోన్ చేస్తాను.