వియ్యంకుడి ఎదుటి చోటు

ఒకానొక రాజ్యంలో, రాజ్యం పేరు జ్ఞాపకంలోంచి జారిపోయింది గాని, రాజు పేరు కుంజరసేనుడు. తనకంటే పెద్ద పీట మీద ఎవరు కూర్చున్నా ఆయనకు ముద్ద దిగేది కాదు.

పొరుగు రాజు కొడుకుతో ఆయన కూతురి పెళ్ళి నిశ్చయమైంది. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. పెళ్ళిపందిట్లో పసుపు రాసిన రెండు మోకులు ఒకదాన్నొకటి దాటేలా బిగించి కడతారు. అవి కలిసేచోట పెళ్ళిపీటలు వేస్తారు. మోకుల నడుమ ఏర్పడే నాలుగు భాగాల్లో ఒకదాంట్లో రాజు, దానికి సరిగ్గా ఎదుటి భాగంలో వియ్యంకుడు, రెండు పక్కలా జనం కూర్చుంటారు. మోకు వంచినా తెంచినా పెళ్ళికి అశుభం.

పందిరి మేస్త్రి పోలయ్యను రాజు పిలిచాడు. "నా భాగం విశాలంగా ఉండాలి. వియ్యంకుడిది ఇరుకుగా ఉండాలి."

పోలయ్య మోకులు జరిపాడు. రాజు వైపు ఎంత తెరుచుకుందో వియ్యంకుడి వైపూ అంతే తెరుచుకుంది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ అంతే.

"వియ్యంకుడు నీకేం లంచం పెట్టాడురా? ముహూర్తం లోపల సరిచెయ్యకపోతే కారాగారమే!" అని రాజు మండిపడ్డాడు.

పోలయ్య వెళ్ళి ఆస్థాన విదూషకుడు తిప్పరుసు కాళ్ళ మీద పడ్డాడు. తిప్పరుసు ఎంతటివాడినైనా మాటలతో నవ్వించగలవాడు. ఒక కత్తెర పట్టుకుని పందిట్లోకి వచ్చాడు.

"మహారాజా, పోలయ్యకు చేతకాలేదు. తమరే నేర్పాలి. దీని పిడి బాగా తెరవండి. నోరు మాత్రం తెరుచుకోకూడదు."

రాజు తెరిచాడు. నోరూ తెరుచుకుంది.

"ఇదేం కత్తెరయ్యా! ఇంకోటి తెప్పించు."

ఇంకోటీ అలాగే చేసింది.

"రెండు తిన్నని గీతలు దాటుకుంటే ఎదురెదురు కోణాలు కవలపిల్లలు ప్రభూ. ఒకరికి పెట్టింది రెండోవారికీ పెట్టాల్సిందే. తగ్గేది పక్కవాళ్ళకి" అన్నాడు తిప్పరుసు.

రాజు కళ్ళు మెరిశాయి. "అయితే వియ్యంకుణ్ణి పక్కనే కూర్చోబెట్టు! నేను పెరిగినకొద్దీ ఆయన తగ్గుతాడు."

"చిత్తం. మరి తమరి ఎదుట ఎవరు? వంటవాళ్ళా?"

"నాతో సమానంగా వంటవాళ్ళా!"

"పోనీ, మంత్రిగారు?"

మంత్రి ఉత్తరీయం సర్దుకున్నాడు.

"వద్దు వద్దు!" అన్నాడు రాజు.

"ఎవరు కూర్చున్నా తమరితో సమానమే అవుతారు. ఆ గౌరవం ఎవరికి తగునో తమరే సెలవివ్వండి."

రాజు మోకుల వంక చూశాడు. "రాజు ఎదుట రాజే ఉండాలి. వియ్యంకుణ్ణే కూర్చోబెట్టండి" అని గొణిగాడు. తన అవస్థకు తనకే నవ్వొచ్చి పకపకా నవ్వాడు. పోలయ్యకు కొత్తబట్టలు పెట్టించాడు.

"తిప్పరుసూ, నీకేం కావాలో కోరుకో."

"నాలుగు భాగాలూ సమంగా జరిపించండి ప్రభూ. నేను కూర్చునేది పక్క భాగంలో."

రాజు మళ్ళీ నవ్వి, తన శాలువా తీసి తిప్పరుసుకు కప్పాడు. నాలుగు భాగాలూ సమమయ్యేలా మోకు కొస తానే పట్టుకుని జరిపాడు.