బొల్లవ్వ లేచి నిలబడ్డ వైనం

వాగు పక్కన రాళ్ల గుట్ట మీద ఒక మేకల మంద ఉండేది. అందులో అందరికన్నా పెద్దది బొల్లవ్వ. ఒకప్పుడు ఎంత నిటారు రాతి మీదకైనా ఒక్క ఊపులో ఎక్కేది. ఆ ఏడు తొలకరికి తడిసిన రాయి మీద కాలుజారి పడింది. మోకాలి వాపు తగ్గింది గానీ గుండెలో బెదురు తగ్గలేదు. మంద మేతకు పోతే తాను గుట్ట కిందే పడుకునేది.

ఇది కనిపెట్టిన నక్క ఒకరోజు రేగికొమ్మ నోట కరుచుకుని వచ్చింది.

"అవ్వా, ఈ వయసులో నీకు గెంతులెందుకు? కాలు విరిగితే చూసేదెవరు? కదలకుండా పడుకో. మేత నేను తెచ్చిపెడతా."

"నీ కడుపు చల్లగుండ నాయనా!" అని బొల్లవ్వ మురిసిపోయింది.

అలా నక్క తేవడం, అవ్వ తినడం. పొట్ట పెరిగింది, తొడలు సన్నబడ్డాయి. ఒక మధ్యాహ్నం దాహమేసి లేవబోతే వెనక కాళ్లు వణికి కూలబడింది. ఇంక లేవడం తన వల్ల కాదేమోనని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వాగులో నీళ్లు తాగుతున్న సింగన్న అది చూశాడు. ఇటుకలు మోసే గాడిద, అవ్వకన్నా ముసలివాడు.

"ఏమైంది బొల్లీ?"

"ముసలితనం సింగన్నా. కాళ్లు అరిగిపోయాయి."

"నావి అరగలేదే! కూర్చుని తింటే కొండలే కరుగుతాయంటారు, నీ తొడలెంత?"

"పాపం, ఆ నక్క దయతో మేత తెస్తోంది..."

"నక్క ఆకులు తింటుందా?"

"తినదు."

"మరి నిన్నెందుకు మేపుతోంది? కొమ్ములున్న మేక లేచి నిలబడితే ఒంటరి నక్కకు కష్టం. లేవలేని మేకయితే విందు."

బొల్లవ్వ పక్కనున్న రేగికొమ్మను అవతలికి నెట్టేసింది. "ఇప్పుడేం చెయ్యను?"

"పడుకో, లే. మళ్లీ పడుకో, లే. మోకాలు నొప్పి పెడితే ఆగు, ఆయాసం వస్తే మాత్రం భయపడకు."

మొదట్లో ప్రాణం పోయినంత పనయ్యేది. తర్వాత చిన్న రాయి ఎక్కి దిగింది. ఆ తర్వాత సింగన్న పుల్లల మోపు నోట కరిచి తన వీపు మీద పెడితే, అవ్వ గుట్ట సగం దాకా మోసింది. పిల్లమేకలు కిసుక్కుమన్నాయి. "అవ్వ పెళ్లికి తయారవుతోంది!"

"సత్తువ వచ్చింది, చురుకు ఇంకా రాలేదు," అన్నాడు సింగన్న. "మోపు తీసెయ్. మెల్లగా కిందికి వంగి, చటుక్కున లే. ఆపద వస్తే నువ్వు సర్దుకునేదాకా ఆగదు."

బొల్లవ్వ అదీ నేర్చింది. నక్క వచ్చే వేళకు మాత్రం ఎప్పటిలాగే పడుకుని మూలిగేది.

మంద దూరంగా పోయిన ఒక రోజు నక్క వచ్చింది. "అవ్వా, ఒకసారి లేచి చూపించు."

అవ్వ లేవబోయినట్టు నటించి, కాళ్లు వణికించి కూలబడింది. "నా వల్ల కాదు నాయనా."

నక్క కొమ్మ వదిలేసి గొంతు మీదకు దూకింది. అవ్వ వెనక కాళ్లు బిగించి, చటుక్కున ఎగిరి వెనకున్న రాయెక్కింది. నక్క మూతి పోయి రాతికి కొట్టుకుంది. కళ్లు తిరిగి తేరుకునేలోగా అవ్వ పైనుంచి ఉరికి కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క దొర్లుకుంటూ పోయి నాగజెముడు పొదలో పడింది.

"మోసం చేశావు అవ్వా!" అని ఏడ్చింది నక్క.

"నేను మూలిగాను, నువ్వు నమ్మావు. అందులో మోసమేముంది?"

నక్క కుంటుకుంటూ, ముళ్లు పీక్కుంటూ వాగు దాటి పోయింది. ఆ సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి బొల్లవ్వ గుట్ట నెత్తిన నిలబడి నెమరేస్తోంది.

నీతి: వయసు పైబడ్డాక ఒంటికి పని తగ్గించవచ్చు గానీ మాన్పించకూడదు.