గాజులు తొడగనన్న ఓబులమ్మ

నేను అనగనగా అంటే మీరు ఊఁ అనాలి. అనకపోతే కథ అలిగి పక్కూరికి పోతుంది. అన్నారా? సరే, వినండి.

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక ఊరు. ఆ ఊరికి గాజుల మలారం భుజాన వేసుకొచ్చేది ఓబులమ్మ. పేదది, నోరు లేనిది. పెళ్ళికి రమ్మంటే వచ్చేది, సీమంతానికి రమ్మంటే వచ్చేది, జాతరకి రమ్మంటే వచ్చేది. ఎవరికీ కాదనేది కాదు.

ఆ ఊళ్ళోనే మాదక్క ఉండేది. ఆవిడ నోరు విప్పితే ఊరంతా వినాల్సిందే. కోడలు సుంకులు కాపురానికొచ్చి ఏడాదైంది. నాలుగడుగులేస్తే కూర్చునేది. బిందె ఎత్తితే కూర్చునేది. పొయ్యి ఊదినా కూర్చునేది.

"పనిదొంగ! తిని కూర్చుని ఒళ్ళు చేసింది. కాళ్ళు చూడండి, ఎంత నిండుగా ఉన్నాయో!" అనేది మాదక్క.

జాతరనాడు కోడలు నీళ్ళబిందెతో కొండెక్కుతుందని మొక్కుకుంది కూడా. మొక్కు తనది, బరువు కోడలి నెత్తిన! ఏం చెప్పాలి ఆవిడకి? ఆ పొద్దున కొత్త గాజులకి ఓబులమ్మని పిలిపించింది.

ఓబులమ్మ సుంకులు చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది. గోరు నొక్కి వదిలింది. కాలు నొక్కి చూసింది. మలారం మూట కట్టేసింది.

"ఈ చేతికి గాజులు తొడగనమ్మా. తొడిగితే కొండెక్కిస్తారు. ఎక్కితే ఈ పిల్ల ప్రాణాలతో దిగదు."

హవ్వ! ముత్తయిదువకి గాజులు తొడగననడమా! అమ్మలక్కలంతా మూగారు. మాదక్క శివమెత్తింది. "నీ నోట్లో మన్ను పడ! మళ్ళీ ఈ ఊళ్ళో అడుగు పెట్టావంటే చూడు!"

ఓబులమ్మకి ఏడుపొచ్చింది. అయినా కదల్లేదు. "తర్వాత తరుముదువుగానీ అక్కా, ముందు నీ గోరు నొక్కుకో" అంది.

మాదక్క విసురుగా నొక్కుకుంది. తెల్లబడిన గోరు చిటికెలో ఎర్రబడింది.

"ఇప్పుడు పిల్లది నొక్కు."

నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అప్పుడొచ్చింది రంగు, అదీ నీలంగా.

"నీ కాలు నొక్కుకో." గుంట పడలేదు. "పిల్లది నొక్కు." పడ్డ గుంట అట్లాగే ఉండిపోయింది.

"నీ నాడి పట్టుకో." రోకటిపోటులా వరసగా కొట్టుకుంటోంది. "పిల్లది పట్టుకో." రెండుసార్లు కొట్టుకుని ఆగింది. అంతలోనే పరుగెత్తింది. మళ్ళీ ఆగింది.

మాదక్క కోడలి చెయ్యి వదలకుండానే ఓబులమ్మ వైపు తిరిగింది. "నీకెట్లా తెలిసిందే?" అంది.

"నా కూతురి చెయ్యీ ఇట్లాగే ఉండేదక్కా. కాళ్ళు నిండుగా ఉంటే ఒళ్ళు చేసిందని మురిసిపోయాను. నా చేత్తోనే గాజులు తొడిగి పొలానికి పంపాను. తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఏ చెయ్యి పట్టుకున్నా చూస్తూనే ఉన్నా."

మాదక్క కోడల్ని పొదివి పట్టుకుంది. "నా తల్లే! చంపుకునేదాన్ని కదే నిన్ను!" అని బావురుమంది. వెంటనే బండి కట్టించి, కొడుకుని తోడిచ్చి, పక్కూరి వైద్యుడి దగ్గరికి పంపింది. మొక్కుబిందె తన నెత్తినే పెట్టుకుని రొప్పుకుంటూ కొండెక్కింది.

వైద్యుడు మందిచ్చాడు, ఉప్పు మాన్పించాడు, మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. పిల్ల కోలుకుంది. ఓబులమ్మ చేతే రెండు చేతులనిండా గాజులు తొడిగించుకుంది.

ఓబులమ్మ పోయి ఎన్ని తరాలైందో నాకేం తెలుసు! ఆ చుట్టుపక్కల మాత్రం ఇప్పటికీ గాజులామె వస్తే ముందు గాజు తియ్యదు. నాడి పట్టుకుంటుంది, గోరు నొక్కుతుంది, కాలు నొక్కుతుంది. ఆ కాసేపూ ఎంత గయ్యాళి అత్తయినా కిక్కురుమనకూడదు. ఆయాసపడే పిల్లని ఎవరైనా సోమరిపోతంటే పక్కవాళ్ళు ఊరుకోరు.

"ముందు చెయ్యి పట్టుకుని చూశావా?" అంటారు.