సింహం నీడా, మందారాకు జిగురూ

తడికోన అని ఒక అడవి ఉండేది. పేరుకు తగ్గట్టే అక్కడ ఎప్పుడూ తడే. గాలిలో ఎంత చెమ్మ ఉండేదంటే, ఏట్లో చేపలు ఈదుతూ ఈదుతూ నీళ్ళెక్కడ అయిపోయాయో తెలియక చెట్ల కొమ్మల దాకా వచ్చేసేవి. అక్కడ కోతుల్ని దారి అడిగి వెనక్కి పోయేవి.

ఆ అడవిలో సింహాలు, ఎలుగుబంట్లు, జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. ఏటికి అవతల సున్నం కొట్టినట్టు తెల్లటి కొండగట్టు ఉండేది. ఆ గట్టు కింద రేచుకుక్కలు, అంటే గుంపు కట్టి వేటాడే ఎర్ర అడవికుక్కలు, కాపురం చేసేవి. అవి మొత్తం ఎన్నో ఎవరికీ తెలియదు. లెక్కపెట్టబోయిన ఒక కాకి సగంలోనే ముసలిదైపోయింది.

తడికోనలో ఒక ఆనవాయితీ ఉండేది. వానలు వెలిశాక వచ్చే మొదటి పున్నమి మర్నాడు, తెల్లవారుతుండగా అడవి రాజు ఏటి ఒడ్డున ఉన్న ఎత్తైన బండ ఎక్కి పక్కకు తిరిగి నిలబడాలి. వెనక నుంచి సూర్యుడు లేస్తాడు. రాజు నీడ అవతలి తెల్లగట్టు మీద పడుతుంది. ఆ నీడలో సింహం జూలు కనిపిస్తే రేచుకుక్కలు ఏడాది పాటు వేటకు ఏరు దాటవు. కనిపించకపోతే దాటుతాయి. ఇక జింకపిల్లల గతి చెప్పనక్కర్లేదు.

పద్నాలుగేళ్ళ పాటు పెద్ద సింహం ఆ బండ మీద నిలబడింది. దాని జూలు పొడుగ్గా, పట్టుకుచ్చులా వేలాడేది. పెద్ద సింహం సోమవారం నడిచి వెళితే జూలు కొస మంగళవారం వచ్చేది. ఆ ఏడు అది కన్నుమూసింది. బండ ఎక్కే వంతు కొడుకు ప్రతాపుడికి వచ్చింది.

ప్రతాపుడికి అప్పుడప్పుడే జూలు వచ్చింది. బెత్తెడే పొడుగు, అలలు అలలుగా ఉండేది. ఎండపూట బుద్ధిగానే ఉండేది. చెమ్మగాలి తగిలిందా, ఒక్కో వెంట్రుకా పక్క వెంట్రుకతో పోట్లాడినట్టు లేచి నిలబడేది. ఒకసారి పొరపాటున అందులో దూరిన కుందేలు మూడు నెలలు దారి తెలియక తిరిగింది. అది బయటపడేసరికి పిల్లలు పెద్దవై, "ఎవరు కావాలండీ?" అని అడిగాయి.

"నాన్న జూలు ఎంత అందంగా ఉండేది. నాదేమిటమ్మా ఇలా?" అన్నాడు ప్రతాపుడు.

"అది మా పుట్టింటి జుట్టు నాయనా" అంది తల్లి గంభీర. "మీ తాతకూ ఇంతే. దాన్ని ఎలా చూసుకోవాలో సూరమ్మకు తెలుసు. ఆయన జూలు అదే చూసేది. వెళ్ళి అడుగు."

సూరమ్మ ఒక ముసలి ఎలుగుబంటి. ప్రతాపుడు ముఖం చిట్లించాడు.

"రాజునై ఉండి ఎలుగుబంటిని అడగనా? దాని ఒంటి మీదే ఒక అడవి మొలిచింది. ముందు దాన్ని చూసుకోమను."

పున్నమి మర్నాటి పొద్దుకు ఇంకా నాలుగు రోజులుంది. నీడ ఎలా పడుతుందో చూసుకుందామని ప్రతాపుడు తెల్లవారుతూనే బండ ఎక్కాడు. రాత్రంతా మంచు కురిసి ఉంది. సూర్యుడు లేచాడు. ఎదురుగా గట్టు మీద నాలుగు కాళ్ళ గడ్డివాము ఒకటి ప్రత్యక్షమైంది.

రేచుకుక్కల నాయకుడి పేరు కెంజాయి. వాడు తల పైకెత్తి చూశాడు.

"ఒరేయ్, గడ్డివాముకు కాళ్ళు మొలిచాయిరా. మనకు పనికిరాదు, ఆవుల్ని పిలవండి" అన్నాడు.

కుక్కలన్నీ పడీపడీ నవ్వాయి. ఆ నవ్వుకి గట్టు జానెడు కుంగింది. ప్రతాపుడు తలదించుకుని బండ దిగాడు.

దారిలో శూలపాణి అనే ముళ్ళపంది ఎదురైంది. అడవిలో ఎవరికి చిక్కుపడినా తన ముళ్ళతో దువ్విపెట్టేది అదే. అందువల్ల దానికి నేల మీద కాలు ఆనేది కాదు.

"నా దువ్వెనకు లొంగని జుట్టు ఇంకా పుట్టలేదు రాజా" అంది. "పొడి జుట్టే మంచిది. వెయ్యిసార్లు దువ్వానంటే నేలకు అంటుకుపోతుంది."

శూలపాణి వెనక్కి తిరిగి దువ్వడం మొదలుపెట్టింది. పదిసార్లు దువ్వేసరికి జూలు రెండింతలైంది. వందసార్లకు పదింతలైంది. మధ్యాహ్నానికి దాని నీడలో జింకల మంద మొత్తం పడుకుని నిద్రపోయింది. శూలపాణి మాత్రం పట్టుదల వదల్లేదు. లాగిన ప్రతిసారీ ఒక ముల్లు జూలులో చిక్కుకుని ఉండిపోయింది. సాయంత్రానికి ముళ్ళన్నీ ప్రతాపుడి మెడ మీద, నున్నటి వీపు శూలపాణికి మిగిలాయి.

అది ఇంటికి వెళితే పెళ్ళాం లోపలి నుంచే, "ఎవరదీ పందికొక్కు? మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రా" అని తలుపుకు రాయి అడ్డం పెట్టింది.

మర్నాడు ప్రతాపుడు ఇంకెవరినీ నమ్మలేదు. తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి, కారిన జిగురంతా మెడకు పూసుకుని, పంజాతో అణిచి అణిచి పెట్టాడు. ఎండకు అది రాయిలా బిగిసింది. మూడో రోజు పొద్దున్నే బండ ఎక్కి చూస్తే, గట్టు మీద నీడకు అసలు జూలే లేదు.

"మొన్న గడ్డివాము, ఇవాళ దూడ" అన్నాడు కెంజాయి. "దూడయితే మరీ మంచిది. కొమ్ములు కూడా లేవు."

ఈసారి కుక్కలు నవ్వలేదు. మూతులు నాక్కున్నాయి. ఆ సాయంత్రం మూడు కుక్కలు ఏరు మధ్య దాకా వచ్చి నీళ్ళ లోతు చూసుకుని వెళ్ళాయి.

అది చూసిన ఒక జింక తన కవల పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రతాపుడి దగ్గరికి వచ్చింది.

"రాజా, వీటిని ఎటు తీసుకుపొమ్మంటావు?" అని అడిగింది. దెప్పలేదు, ఏడవలేదు. ఊరికే అడిగి నిలబడింది.

ప్రతాపుడు లేచి నేరుగా సూరమ్మ గుహకు నడిచాడు.

సూరమ్మ మందార చెట్టు కింద కూర్చుని తేనెపట్టు చప్పరిస్తోంది. దాని ఒంటి మీద ప్రతి వెంట్రుకా వంక తిరిగి నిగనిగలాడుతోంది. ఆ నిగనిగలో ముఖం చూసుకోవడానికి చుక్కలు కిందికి దిగి వచ్చేవట.

"సూరమ్మత్తా" అన్నాడు ప్రతాపుడు.

"ఎవరూ? గడ్డివాము గారా, దూడ గారా?"

"ఇద్దరమూ వచ్చామత్తా."

సూరమ్మ కడుపు ఊగేలా నవ్వింది. "మీ తాత నాలుగో రోజున వచ్చాడు. నువ్వు మూడో రోజుకే వచ్చావు. నయమే."

"ఎలాగైనా దీన్ని అణిచిపెట్టు అత్తా."

"అణచడం ఎందుకురా అబ్బాయ్. అది పొగరుతో లేవడం లేదు, దాహంతో లేస్తోంది. ఎండిపోయిన వెంట్రుక గాలిలో చెమ్మ తాగాలని పైకి లేస్తుంది. ముందే దానికి కడుపునిండా నీళ్ళు పోస్తే ఎందుకు లేస్తుంది? రేపు పొద్దున్నే రా."

మర్నాడు సూరమ్మ ముందు మెడకు నూనె పట్టించి, తుమ్మజిగురు కరిగించి, ముళ్ళన్నీ ఏరింది. అవి ఏడు మోపులయ్యాయి. తర్వాత ప్రతాపుణ్ణి మెడలోతు నీళ్ళలో నిలబెట్టింది. జుట్టు తడిగా ఉండగానే గోళ్ళు ఎడంగా పెట్టి కొసల నుంచి పైకి మెల్లగా చిక్కు తీసింది. మందారాకులు నీళ్ళలో పిసికితే వచ్చిన జిగురును గుప్పెట్లోకి తీసుకుని, తడి జూలును కింది నుంచి పైకి అలా అలా పట్టి వదిలింది. వదిలిన చోటల్లా ఒక అల చుట్టుకుంది.

"ఎండుగడ్డితో తుడుచుకోనా?" అన్నాడు ప్రతాపుడు.

"రుద్దావంటే మళ్ళీ నా గడప తొక్కకు" అని సూరమ్మ మెత్తటి నాచు ముద్దలతో నీళ్ళు అద్ది తీసింది. "ఇక ఆరేదాకా దాని జోలికి పోకూడదు. గోక్కోకూడదు. తల విదల్చకూడదు. గర్జించకూడదు."

"అంతేనా?"

"అంతే. సింహాలకు చేతకానిది అదే."

ప్రతాపుడు బండ మీద ఎండలో కూర్చున్నాడు. ఇంత చిన్న పనా అనుకున్నాడు. కాసేపటికి మెడ మీద ఎడమవైపు ఒక దురద పుట్టింది. అది మామూలు దురద కాదు. ఒక్క దురదే పిల్లల్ని కని, మనవల్ని ఎత్తి, మెడ చుట్టూ ఊరు కట్టుకుంది. దాని పైన ఒక ఈగ వచ్చి వాలి, తన చుట్టాలకు కబురు పంపింది. ప్రతాపుడు కదల్లేదు.

మధ్యాహ్నం ఏరు దాటి కెంజాయి ఒంటరిగా వచ్చాడు. పది అడుగుల దూరంలో నిలబడి పైనుంచి కిందికి చూశాడు.

"ఏం దూడా, స్నానం చేశావా? తడిసిన కోడిలా ఉన్నావు."

ప్రతాపుడు అవతలి గట్టునే చూస్తూ కూర్చున్నాడు.

"మీ అమ్మ పుట్టింటి జుట్టట కదా. వాళ్ళ ఇంట్లో అందరూ గడ్డివాములేనా?"

ప్రతాపుడి గొంతులోకి గర్జన వచ్చేసింది. ఒక్కసారి గర్జిస్తే కెంజాయి గట్టు దాటి, ఆ వెనక కొండ దాటి పడేవాడే. కానీ గర్జిస్తే తల ఊగుతుంది. తల ఊగితే తడి జూలు చెదురుతుంది. తెల్లవారితే గట్టు మీద మళ్ళీ గడ్డివామే. జింక తన పిల్లలతో నిలబడిన తీరు అతడికి గుర్తొచ్చింది. వచ్చిన గర్జనను వచ్చినట్టే మింగాడు. అది కడుపులోకి దిగుతుంటే బండ అదిరింది.

కెంజాయి ఒక పల్లేరుకాయను కాలితో విసిరాడు. అది ప్రతాపుడి ముక్కుకు తగిలి కింద పడింది. ప్రతాపుడు గోళ్ళన్నీ రాతిలోకి దించి అలాగే కూర్చున్నాడు. ఆ గోటి గుంతల్లో ఇప్పటికీ వానాకాలంలో బాతులు ఈత నేర్చుకుంటాయి. చెట్టు చాటు నుంచి చూస్తున్న సూరమ్మ తేనె నాకడం మరిచిపోయింది. దాని జీవితంలో అది మొదటిసారి.

"దూడ భయంతో కొయ్యబారిపోయింది" అని కెంజాయి వెళ్ళి గుంపుకు చెప్పాడు. "పొద్దున్నే దాటేద్దాం."

పొద్దు వాలేసరికి జూలు ఆరింది. తడిమి చూసుకోబోయి ఆగిపోయి ప్రతాపుడు, "అత్తా, చెక్కలా బిగిసిపోయినట్టుంది" అని బెంగపడ్డాడు.

సూరమ్మ అరచేతిలో ఒకే ఒక్క చుక్క ఇప్పనూనె వేసుకుంది.

"కుండెడు పొయ్యి అత్తా."

"కుండెడు పోస్తే జిడ్డు. చుక్క పోస్తే మెరుపు" అంటూ జూలును మెల్లగా పట్టి పట్టి వదిలింది. ఆరిన జిగురు పొరలు విరిగి రాలాయి. లోపలి నుంచి ఒక్కో అల మెత్తగా జారి తన చోట తాను కుదురుకుంది. ఆ రాత్రి తల కింద లేత అరటాకు పరిచి మరీ పడుకోబెట్టింది.

తెల్లవారింది. అడవి అడవంతా ఒడ్డుకు వచ్చింది. అవతల రేచుకుక్కలు అప్పటికే ఏట్లోకి దిగి పొట్ట లోతుకు వచ్చేశాయి. ముందు కెంజాయి. ప్రతాపుడు బండ ఎక్కి పక్కకు తిరిగి నిలబడ్డాడు. మంచుగాలి వీచింది. ఒక్క వెంట్రుక కూడా పోట్లాటకు లేవలేదు.

సూర్యుడు లేచాడు.

గట్టు మీద నీడ పడింది. తండ్రి నీడలో జూలు వేలాడేది. కొడుకు నీడలో జూలు మండింది. అల మీద అల, కొస మీద కొస, మెడ చుట్టూ వెయ్యి మంటలు వెలిగించినట్టు తెల్లగట్టు నిండా పరుచుకుంది. కుక్కలు ఏట్లో ఉన్నచోటే ఆగిపోయాయి.

అప్పుడు ప్రతాపుడు నిన్నటి నుంచి దాచుకున్న గర్జనను బయటికి వదిలాడు. వడ్డీతో సహా వదిలాడు. తల విదిల్చాడు. నీడలో వెయ్యి మంటలూ ఎగసి, మళ్ళీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి.

రేచుకుక్కలు ఒకదాని మీద ఒకటి పడుతూ వెనక్కి పరుగెత్తాయి. ఆ తడికీ ఆ పరుగుకీ కెంజాయి తోక బూరుగుకాయ పగిలినట్టు ఉబ్బిపోయింది. అది ఇంకా దిగలేదు. వాడిప్పుడు ఎక్కడికి వెళ్ళినా వాడికన్నా ముందు వాడి తోకే చేరుతుంది.

జింక పిల్లలు ఒడ్డున గంతులేశాయి. గంభీర చీమను కూడా వదలకుండా ఆపి, "మా పుట్టింటి జుట్టు" అని చెప్పుకుంది. ఏటి ఒడ్డున ఉన్న తేనెచెట్లన్నీ ఆనాటి నుంచి సూరమ్మవయ్యాయి. తొలి పట్టు రాజే స్వయంగా మోసుకువచ్చి గడప దగ్గర పెట్టేవాడు. అక్కడ ఒక పక్కన శూలపాణి కొత్త ముళ్ళు మొలిచేదాకా మందారాకులు పిసుకుతూ కూర్చునేది.

"ఇప్పుడేమంటావురా, నాన్న జూలు కావాలా?" అని సూరమ్మ ఒకరోజు అడిగింది.

ప్రతాపుడు ఏట్లో తన నీడ చూసుకున్నాడు. కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపే చూసుకున్నాడు.

"వద్దత్తా" అన్నాడు. "ఆయనది ఆయనకు బాగుంది. నాది నాకు బాగుంది."

నీతి: మనకున్నదాన్ని మొండిగా అణచబోతే అది మన మీదే తిరగబడుతుంది, దాని తీరు తెలిసినవారిని అడిగి, ఓపికగా కుదిరిస్తే అదే మనకు కిరీటమవుతుంది.