బొట్టు పెట్టిన హెల్మెట్

"ఏ హెల్మెట్ కొనాల సామీ?" అని ఎవరడిగినా కోదండపాణి అయ్యోరు కంపెనీ పేరు చెప్పేవారు కాదు. "నీ తలకు పట్టింది కొనుక్కో. అంగట్లోనే పెట్టుకోని చానాసేపు కూచో. నొప్పి పుడితే అది నీది కాదు, కదిలితే అసలే కాదు" అనేవారు. ఆయన ఒకప్పుడు కారు పందేలు తోలిన మనిషి. ముసలితనంలో, అనంతపురం దాటినాక శెనక్కాయ చేన్ల నడుమ ఉన్న ఒక ప్రైవేటు ట్రాక్‌లో ఆదివారాలు పాఠాలు చెప్పేవారు. శిష్యులమంతా వారం పొడుగునా అంగళ్ళూ ఆఫీసులూ చూసుకుని, ఆదివారం వేగం సరదా తీర్చుకునే వాళ్ళం. నిప్పంటని సూటు, గ్లవ్స్, మెడను పట్టి ఉంచే పట్టీలు, వీటిలో ఏది లేకపోయినా "పోయి నీడన కూచోపో" అనేవారు. అన్నీ ఉన్నా సరే, హెల్మెట్‌ను గడ్డం దగ్గర పట్టుకుని గట్టిగా ఊపి చూడనిదే ఎవరినీ ట్రాక్ మీదికి పంపేవారు కాదు.

నాగశయన అడిగిన ప్రశ్న మాత్రం వేరు. తాడిపత్రిలో విత్తనాల అంగడి నడిపేవాడు, మెత్తని మనిషి, అయ్యోరంటే ప్రాణం. ముందు వారం మూడో మలుపులో అతని కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు మూరెడు దూరంలో ఆగింది. దెబ్బ తగల్లేదు గానీ భయం పట్టుకుంది. ఈ వారం ఆ మలుపు దాటలేకపోతే ఇంక కారెక్కేది లేదని ఇంట్లో చెప్పి మరీ వచ్చాడు.

షెడ్డు గూట్లో అయ్యోరి పాత హెల్మెట్ ఉండేది. పందేల రోజుల్లో ఆయన కారు పల్టీలు కొట్టినప్పుడు తలను కాచింది అదే. ఏటా ఆయుధపూజ నాడు ఆయన భార్య వకుళమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. బొట్టు మీద బొట్టు పడి, దాని నుదురు ఎర్రగా గట్టిపడిపోయింది. కారెక్కే ముందు మేమంతా దానికి దండం పెట్టుకునేవాళ్ళం. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు!

ఆ ఆదివారం పొద్దున శయన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మిమ్మల్ని బతికించింది గదా సామీ. ఇంతకంటే పరీక్ష పాసైన హెల్మెట్ ఇంకేముంటుంది? ఈ ఒక్కరోజుకు నాకియ్యరా?"

అయ్యోరు దానివైపు ఒకసారి చూశారు. "నీ కొత్తది యాడ? తెచ్చి పెట్టుకో" అన్నారు, అంతే. శయన ముఖం చిన్నబోయింది. ఆయనకు దానిమీద మమకారంలే అని మేం గుసగుసలాడుకున్నాం. మమకారం ఉన్నమాట నిజమే.

ఆవేళ జెండాల పని నాది. అయ్యోరు శయన కొత్త హెల్మెట్‌ను ఊపి చూసి, సరేనని వెనక కారు దగ్గరికి పోయారు. ఆ కాస్త సందు చాలింది. శయన షెడ్డులోకి దూరి, కొత్తది గూట్లో పెట్టి, గూట్లోది తలకు తగిలించుకుని వచ్చి కారెక్కేశాడు. కారు నా ముందు నుంచి పోతుంటే ఎర్రబొట్టు కనబడింది. మెడ పట్టీలు రెండూ ఊరికే వేలాడుతున్నాయి. వాటిని తగిలించుకునే కొక్కేలు ఆ పాతదానికి ఎక్కడివి? నేను నోరు తెరిచేలోగా అయ్యోరి కేక వినబడింది.

"ఎర్రజెండా! ఎత్తురా ఎర్రజెండా!"

రెండు చేతులా ఎత్తి ఊపాను. ఎర్రజెండా కనబడితే ఎవరైనా నెమ్మదించి వెనక్కి రావాల్సిందే. మిగతా కార్లు నెమ్మదించాయి. శయన చూడలేదు. అయ్యోరిది పెద్ద తల, వీడిది చిన్న తల. మలుపు ముందు బ్రేకు తొక్కేసరికి హెల్మెట్ జారి కళ్ళమీద పడిందట. అది తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు మాకు కనబడింది ఒక్కటే, కారు మలుపు తిరగకుండా నేరుగా పోతోంది.

మా అందరికీ చిత్రాన్నం చేసి తెచ్చిన వకుళమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసి "రామ రామా" అంటూ నిలబడిపోయింది. అయ్యోరు పరుగెత్తారు. ఆ వయసులో ఆ మనిషి అట్లా పరుగెత్తడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. మలుపు పక్కన పోసిన కంకరలో దుమ్ము లేచింది, కారు కనబడకుండా పోయింది. టైర్ల గోడను గుద్దితే చప్పుడు రావాలి. రాకూడదు దేవుడా అని మొక్కుకుంటూ, చెవులు రెండూ అటే పెట్టి నిలబడ్డాను.

రాలేదు. దుమ్ము తగ్గేసరికి కంకరలో ఇరుసుల దాకా దిగబడిన కారు కనబడింది. లోపల మనిషి కదులుతున్నాడు.

నడిపించుకుని షెడ్డు దాకా తెచ్చాం. అయ్యోరు శయన తల మీది నుంచి ఆ హెల్మెట్ తీశారు. "ఇది యాల పెట్టుకుంటివప్పా?" అన్నారు ఆయాసపడుతూనే. తిట్టినా బాగుండేది.

"మిమ్మల్ని కాపాడింది గదా సామీ. నన్నూ కాపాడుతుందనుకుంటి."

అయ్యోరు సిమెంటు గచ్చు మీద కూర్చుని, హెల్మెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, లోపలి గుడ్డ లాగేశారు. గుడ్డ వెనక థర్మాకోల్ లాంటి దట్టమైన పొర ఉంది. తక్కినచోట రెండు వేళ్ళ మందం, ఒక్కచోట మాత్రం అప్పడంలా అణిగిపోయింది. కారు పల్టీలు కొట్టిననాడు ఆయన తల తగిలింది అక్కడే, దెబ్బంతా ఆ పొరే తాగింది. బొటనవేలితో నొక్కితే పిండిలా రాలింది.

"శయనా, ఒకసారి మొలిచిన శెనక్కాయ విత్తనం నీ అంగట్లో మళ్ళీ అమ్ముతావా?"

"యాడన్నా అమ్ముతారా సామీ? మొలిచిపోయినాక దాంట్లో ఏముంటుంది, పొట్టు తప్ప..." అంటూ అంటూ శయన ఆగిపోయాడు.

"ఇది నాకు మొలిచింది" అన్నారు అయ్యోరు. లేచి, దాన్ని గచ్చు మీద పెట్టి, జాకీ రాడ్డుతో కొట్టారు. ఒక్క దెబ్బకే బొట్టు దగ్గర పగిలింది. ఆయన కళ్ళు తడిశాయి, దాచుకోనూ లేదు.

వకుళమ్మకు మాత్రం ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఎంత పని చేస్తిరి! ఇన్నేండ్లు పూజ చేసుకుంటినే! ఇంక దసరాకు బొట్టు దేనికి పెట్టాల?"

అయ్యోరు గూట్లోంచి కొత్త హెల్మెట్ తీసి తానే శయన తలకు పెట్టారు. మెడ పట్టీలు తగిలించి, గడ్డం దగ్గర పట్టుకుని ఊపారు. హెల్మెట్‌తో పాటు తలకాయా ఊగింది. అప్పుడు భార్యవైపు తిరిగారు.

"వీనికి పెట్టు" అన్నారు. "వీని తలకాయ ఉండాది గదా."